కుడి డొక్క ఎందుకు?

పోయిన వారం మహాదేవి టీచరును ఒక నల్ల గొర్రె ముందర నిలబెట్టి మనం మన దారిన వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. గొర్రె కూడా అక్కడే ఉంది. దాని నోట్లో ఆమె చీర కొంగు ఉంది.

ఈ వారమే మొదలుపెట్టిన వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. మహాదేవి ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కర్నూలు నుంచి నందికొట్కూరు పోయే రోడ్డు మీదున్న విశ్వవిద్యాలయంలో, పశువైద్య విభాగం వాళ్ళు ఏ జీవం మీద కత్తి పెట్టాలన్నా ముందు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీలో సైన్సు వాసన తగలని బయటి మనిషి ఒకరు ఉండి తీరాలని రూలు. ఆ ఒక్కరి కోసం డీన్ రంగనాథ్ ఆమె ఇంటికి వచ్చి మరీ అడిగాడు. "మీకేం శ్రమ ఉండదు మేడమ్. ఏడాదికి మూడు మీటింగులు, మూడు టీలు, మూడు సంతకాలు." ఆమె సరేనంది. పదిహేనేళ్ళు నిండే దాకా ఆమె ఆలూరు పక్క పల్లెలో వాళ్ళ నాయన వెంట గొర్రెలు తోలిన పిల్ల అన్న సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఐదు నెలల కింద, ఫిబ్రవరిలో, కొత్త రకం కుట్టుదారం ఎట్లా పనిచేస్తుందో చూడ్డానికి పన్నెండు గొర్రెల డొక్కలు కోసి కుట్టారు. అవి ఆమె తమ్ముడు దేవేంద్రప్ప మందలోంచి కొన్నవే. గాయాలు మానినాక వాటి జోలికి పోకుండా కాలేజీ పొలంలో సాకుతామని రాసిచ్చారు. దాని కింద మహాదేవి సంతకం పెట్టింది. ఇప్పుడు రెండో ప్రయోగానికి కాగితం వచ్చింది. "నందికొట్కూరు సంతలో కొత్తగా కొన్న పన్నెండు గొర్రెలు" అని అందులో ఉంది. మీటింగుకు ముందు వాటిని ఒకసారి చూసిపోదామని దొడ్డికి వస్తే, సంతలో కొన్న కొత్త గొర్రె ఒకటి ఆమెను చూసి పరుగెత్తుకొచ్చి కొంగు పట్టుకుంది. తల్లి చచ్చిపోతే, తమ్ముడింట్లో ఒక వేసవంతా ఆమె సీసాతో పాలు తాపి పెంచిన పిల్ల అది. నుదుట తెల్ల మచ్చ ఉందని సుక్కి అని పేరు పెట్టింది ఆమే.

అదిగో, అక్కడ ఆగాం.

"ఏమప్పా ఏసేపూ," అని పిలిచింది మహాదేవి, కొంగు విడిపించుకోకుండానే. "ఈ జీవాలు యాడివి?"

ఏసేపు ఆ దొడ్డిలో పద్దెనిమిదేళ్ళుగా మేత వేసి, నీళ్ళు పెట్టి, పెంట ఎత్తే మనిషి. నీళ్ళ తొట్టి వైపు చూస్తూ చెప్పాడు. "సంతలోవి టీచరమ్మా."

"నా మొగం చూసి చెప్పు."

"సంతలోవి అని చెప్పమన్యారు టీచరమ్మా."

అయ్యో, ఏసేపుకు అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదు! మహాదేవికి నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. తడిక మీద వంగి ఒక్కొక్క గొర్రె ఎడమ చెవీ పట్టుకుని చూసింది. ఆలూరు పక్క గొర్రెలకాపర్లు పిల్ల పుట్టిన వారానికే దాని చెవి అంచు తమ ఇంటి గుర్తుతో కోస్తారు. కోత కోసిన చేళ్ళలో రెండు మందలు కలిసిపోతే విడదీసుకోవడానికి అదే ఆధారం. ఒక ఇంటి గుర్తు ఇంకో ఇంటివాళ్ళు పెట్టరు. దేవేంద్రప్ప ఇంటి గుర్తు ఎడమ చెవి కింది అంచున రెండు కోతలు. పన్నెండు చెవులకూ రెండేసి కోతలున్నాయి. వాటి పక్కనే కొత్త పసుపుపచ్చ బిళ్ళలు తళతళలాడుతున్నాయి.

పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్ళు చేసిన తప్పు చూడండి. చెవి బిళ్ళ మీద నంబరు మారిస్తే గొర్రె మారిపోతుందనుకున్నారు! ఫిబ్రవరిలో ఒకటి నుంచి పన్నెండు, ఇప్పుడు నలభై ఒకటి నుంచి యాభై రెండు. వాళ్ళ లెక్కలో గొర్రె అంటే నంబరే. గొర్రెకు మొహం ఉంటుందని, ఆ మొహం గుర్తుపట్టే మనుషులు ఈ జిల్లాలోనే వేలమంది ఉన్నారని వాళ్ళకు తట్టలేదు.

"టీచరమ్మా, మీటింగుకు పిలుస్తాండారు," అన్నాడు ఏసేపు.

"పోతాండా. బాగా పోతాండా," అంది మహాదేవి.

మీటింగు గది గుమ్మంలో సుజన నిలబడి ఉంది, తెల్లకోటులో, చంకలో ఫైళ్ళతో. ఈ ప్రయోగం చేసే పరిశోధక విద్యార్థిని సుజనే. దేవేంద్రప్ప కూతురు. ఆరో తరగతిలో కర్నూలుకు మేనత్త ఇంటికి వచ్చి, ఆమె చేతి అన్నం తిని, ఆమె దగ్గర లెక్కలు నేర్చుకుని ఇంత దూరం వచ్చిన పిల్ల. ఆ ఇంట్లో మహాదేవి తర్వాత పదో తరగతి దాటింది ఈ ఒక్కతే. డిసెంబరులోగా ఈ రెండో ప్రయోగం ఫలితాలతో థీసిస్ ఇస్తేనే డాక్టర్ సుజన. ఇవ్వకపోతే సీటు పోయినట్టే, ఆరేళ్ళ కష్టం గంగలో పోసినట్టే. మహాదేవి సంతకం పెట్టకపోతే ప్రయోగం లేదు. అంటే ఆ పిల్ల బతుకు ఇప్పుడు అత్త కలం చివర్లో ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"బాగుండావా పాపా?" అని అడిగింది మహాదేవి.

"బాగుండా అత్తా," అంది సుజన. తల మాత్రం ఎత్తలేదు. ఈ పిల్ల నాతో కళ్ళు కలపకపోవడం ఎప్పుడైనా ఉందా అనుకుంటూ మహాదేవి లోపలికి పోయింది.

గదిలో ముగ్గురున్నారు. అధ్యక్షుడి కుర్చీలో రంగనాథ్. ప్రయోగమూ ఆయనదే, దాన్ని ఒప్పుకునే కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. ఇదెక్కడి న్యాయమని నన్నడక్కండి. ఆయన పక్కన దొడ్డి బాధ్యత చూసే పశువైద్యురాలు డాక్టర్ కృపారాణి, మెత్తటి మనిషి, ఎవరు గట్టిగా మాట్లాడినా ఉలిక్కిపడుతుంది. ఎదురుగా కమలాపురం నుంచి వచ్చిన బయటి నిపుణుడు హనుమేష్. రిటైరైన ప్రొఫెసరు. ఆయన మాట్లాడేది తక్కువ, తలూపేది ఎక్కువ.

రంగనాథ్ కాగితం గడగడా చదివేశాడు. సంధ్యావందనం కూడా అంత వేగంగా చేయరు. "అందరికీ సమ్మతమే కదా," అని తానే అనేసి కాగితం పక్కకు జరిపాడు. హనుమేష్ తలూపి సంతకం పెట్టాడు. కృపారాణి చూడకుండానే పెట్టింది. కాగితం మహాదేవి ముందుకొచ్చింది.

ఆమె కలం మూత తీసింది. మళ్ళీ పెట్టింది. మూడో పేజీ తిప్పింది.

"చిన్న అనుమానం సార్."

"అడగండి మేడమ్, అడగండి. ఈలోగా టీ వస్తుంది."

"ఫిబ్రవరిలో ఎడమ డొక్క కోశారు. ఈసారి కుడి డొక్క అని రాశారు. కుడి డొక్క ఎందుకు?"

రంగనాథ్ చిరునవ్వు చెక్కుచెదరలేదు. "అది కొంచెం టెక్నికల్ మేడమ్."

"లెక్కలు కూడా టెక్నికలే సార్. ఆరో తరగతి పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పేదాన్ని. మీరూ అట్లాగే చెప్పండి."

"అంటే... కుట్టుదారం రెండు పక్కలా ఒకే రకంగా పనిచేస్తుందా లేదా అని చూడాలి."

"చూడాలంటే ఎడమ పక్క కొన్ని, కుడి పక్క కొన్ని కోయాలి కదా? పన్నెండుకు పన్నెండూ కుడి పక్కే రాశారు. గొర్రెకు పెద్ద పొట్ట ఉండేది ఎడమ పక్కన. కడుపు ఉబ్బితే మా నాయన ఒత్తి చూసేది ఎడమ డొక్కే. మీ పిల్లలకు మీరు కోసి చూపించేది ఎడమ డొక్కే. కుడి పక్క పేగులుంటాయి, ప్రమాదం ఎక్కువ. మరి ఉన్నట్టుండి ఎడమ పక్క మీకేం అడ్డమొచ్చింది?"

కృపారాణి తన ముందున్న కాగితాలు అనవసరంగా సర్దడం మొదలుపెట్టింది. హనుమేష్ తలూపబోయి ఆగాడు.

రంగనాథ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు. ఇట్లాంటి మనుషులు గొంతు తగ్గించినప్పుడే జాగ్రత్తగా ఉండాలి. "మేడమ్, మీ ఆసక్తి చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఒక్క మాట. సుజన మీ మేనకోడలే కదా? ఈ కాగితం ఇవాళ ఆగితే మళ్ళీ మీటింగు నవంబరులో. డిసెంబరుకు ఆ అమ్మాయి చేతిలో ఏముంటుంది? నాకు పోయేదేమీ లేదు. పోయేది ఎవరికో మీరే ఆలోచించుకోండి."

మహాదేవి ఆలోచించింది. ఆలోచించలేదని చెప్తే అబద్ధమవుతుంది. రేకుపెట్టె పట్టుకుని బస్సు దిగిన పదేళ్ళ సుజన కళ్ళ ముందుకొచ్చింది. పట్నం పిల్లలు 'గొర్రెలోళ్ళ పిల్ల' అని ఏడిపిస్తే ఏడ్చి, మర్నాడు క్లాసులో మొదటి మార్కు తెచ్చుకుని వచ్చిన సుజన. ఒక్క సంతకం, అంతే. పెట్టేస్తే పిల్ల డాక్టరవుతుంది. తమ్ముడు ఊరంతా చెప్పుకుంటాడు. సుక్కికి నోరు లేదు, అది ఎవరితోనూ చెప్పుకోదు. ఆ చివరి ఆలోచన రాగానే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అది నా చేతుల్లో పెరిగిన పిల్ల సార్," అంది. అంతవరకూ వాడిన పుస్తకాల తెలుగు ఎటు పోయిందో పోయింది. "దాని తల దువ్వింది నేను. దానికి జరమొస్తే పక్కన కూసోనింది నేను. నాకు మీరు గుర్తు చేస్తాండారా? లెయ్యండి, దొడ్లోకి పోదాం."

"మీటింగు మధ్యలో ఎక్కడికండీ?"

"కమిటీలో ఎవురైనా, ఎప్పుడైనా జీవాలను చూడొచ్చని రూలు ఉండాది. మీరే ఇచ్చినారు పుస్తకం. ఏదో మర్యాదకు ఇచ్చింటారు, నేను రెండుసార్లు చదివినా."

రంగనాథ్ హనుమేష్ వైపు చూశాడు, సాయం చెయ్యమన్నట్టు. హనుమేష్ గొంతు సవరించుకున్నాడు. "పోయి చూస్తే పోయేదేముందిలే రంగనాథ్. పది నిమిషాలు." ఇక కదలక తప్పలేదు.

దొడ్డిలో ఎండ తడికెల సందుల్లోంచి గొర్రెల మీద పడుతోంది. మహాదేవి నేరుగా లోపలికి పోయింది. చెవులు ఒక్కొక్కటీ పట్టి చూపించింది. రెండు కోతలు, రెండు కోతలు, రెండు కోతలు.

"ఇది మా తమ్ముని ఇంటి గుర్తు. మా తాత కాలం నుంచి ఇదే."

"అయితే ఏమైంది మేడమ్?" అన్నాడు రంగనాథ్. "మీ తమ్ముడే సంతలో అమ్మి ఉంటాడు. మేం అక్కడ కొని ఉంటాం."

"ఆలూరు కాడి నుంచి నందికొట్కూరు సంతకా? మధ్యలో ఎన్ని సంతలున్యాయో తెలుసునా మీకు? జీవాలను అంత దూరం తోలుకొస్తే సగం దారిలోనే సతికిలబడ్తాయి."

"చూడండి, నల్లగొర్రెలన్నీ ఒకేలా ఉంటాయి. రికార్డు ప్రకారం ఇవి నలభై ఒకటి నుంచి యాభై రెండు. మేం రికార్డుతో మాట్లాడాలి కానీ చెవులతో కాదు."

"ముప్పై నాలుగేండ్లు యూనిఫారం పిల్లలకు చదువు చెప్పినా సార్ నేను. యూనిఫారం ఏస్తే పిల్లోల్లంతా ఒకటే మాదిరి ఉంటారా? ఒకడు నిక్కర జారుతాండంగా పరిగెత్తుతాడు, ఒకతి బలపం తింటా ఉంటాది. రోల్ నంబర్ మార్చేస్తే వాండ్లు నాకు తెలియకుండా పోతారా? మాకే చెవిలో పూలు పెడ్తాండారే!"

కృపారాణి నవ్వాపుకుంది. వెంటనే భయపడి మొహం తిప్పుకుంది.

"ఏసేపూ, ఉన్ని కత్తెర తేప్పా," అంది మహాదేవి.

ఏసేపు డీన్ వైపు చూశాడు. డీన్ వద్దన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. ఏసేపు చేతులు గోచీపంచెకు తుడుచుకున్నాడు, ఒకసారి, రెండుసార్లు. ఆయనకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. ఆ ఉద్యోగమూ పర్మనెంటు కాదు. మహాదేవి ఇంకోసారి అడగలేదు, ఆయన్ని ఇరకాటంలో పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. కొంగు దోపుకుని, చేత్తోనే ఉన్ని పాయలు విడదీద్దామని వంగింది.

"ఉండండి టీచరమ్మా, చేత్తో యాడయితాది," అన్నాడు ఏసేపు. గోడ మేకుకున్న కత్తెర తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టి అక్కడే నిలబడ్డాడు, డీన్‌కూ ఆమెకూ మధ్యలో.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులు. అయినా సుక్కి ముందుకాళ్ళ కింద చేతులు వేసి ఎత్తి, పిరుదుల మీద కూర్చోబెట్టి, వీపును తన మోకాళ్ళకు ఆనించుకుంది. అట్లా కూర్చోబెడితే గొర్రె గింజుకోదు. నలభై ఏళ్ళ కింద నేర్చిన పని చేతులకు గుర్తుంది. ఎడమ డొక్క మీద ఉన్ని కొంచెం కొంచెంగా కత్తిరించింది. నల్ల ఉన్ని కుచ్చులు కుచ్చులుగా కిందపడింది. చర్మం బయటపడింది. జానెడు పొడుగున తెల్లటి గీత. గీతకు అటూ ఇటూ వరసగా కుట్ల గుంటలు.

హనుమేష్ కళ్ళద్దాలు ముక్కు మీదికి జరుపుకుని వంగి చూశాడు. "ఇది మానిపోయి శానా దినాలైంది," అన్నాడు.

"ఇంకోటి చూపియ్యమంటారా? పన్నెండూ కత్తిరిస్తా. నాకేం తొందర లేదు."

"అక్కర్లేదమ్మా," అన్నాడు హనుమేష్. "రంగనాథ్, ఆ కాగితం ఇట్లియ్యి. నా సంతకం కొట్టేసుకుంటా."

రంగనాథ్ ఫైలు గుండెలకు హత్తుకున్నాడు. మొహంలో నవ్వు ఇప్పుడు లేదు. "ఆగండి. మీరంతా ఏదో ఘోరం జరిగినట్టు చూస్తున్నారు. కొత్త గొర్రెలు తెస్తే మూడు వారాలు విడిగా ఉంచాలి, రక్తపరీక్షలు, పురుగుల మందు, అలవాటుపడ్డానికి ఇంకో రెండు వారాలు. ఆగస్టులో మా ప్రాజెక్టు చూడ్డానికి ఢిల్లీ నుంచి బృందం వస్తోంది. అంత టైం ఎక్కడుంది? ఇవి ఆరోగ్యంగా ఉన్నాయి, అలవాటుపడి ఉన్నాయి. మత్తు ఇచ్చే కోస్తాం కదా! అయినా మేడమ్, మీ తమ్ముడు ఏడాదికి ఎన్ని గొర్రెల్ని కసాయికి అమ్ముతాడు? అప్పుడు లేని జాలి ఇప్పుడెక్కడి నుంచి పుట్టుకొచ్చింది?"

ఆ మాట తగిలింది. తగిలేటట్టే అన్నాడు. మహాదేవి సుక్కిని మెల్లగా లేపి నిలబెట్టింది. అది ఒళ్ళు విదిల్చుకుని పోయి మందలో కలిసింది.

"కసాయోడు ఒక్కసారే కోస్తాడు సార్," అంది.

రంగనాథ్ ఫైలు ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"కోసి, మళ్ళా కుట్టి, మాన్పి, పేరు మార్చి ఇంకోసారి కొయ్యడు. ఇచ్చిన మాట ఒకటుంటాది ఎవురికైనా. మా తమ్ముడు తిండి కోసం అమ్ముతాడు, అందరి ముందరా అమ్ముతాడు, దాచిపెట్టుకోడు. మీరు చేసే పని మంచిదే. రేపు ఆ దారంతో ఇంకో జీవం బతకొచ్చు, మనిషే బతకొచ్చు. అందుకే ఫిబ్రవరిలో నేను అడ్డం చెప్పలేదు. ఒకతూరి నొప్పి భరించిన జీవాన్ని ఇంక ముట్టుకోమని నా ముందర రాసిచ్చినారు. దాని కింద నా సంతకం ఉండాది. అంటే మీరు నాతోనే అబద్ధం చెప్పించినారు సార్. ఈ అరవై ఏండ్లలో ఎవురూ నాతో ఆ పని చేపియ్యలేదు!"

ఒళ్ళు మండిపోతోంది ఆమెకు. కాగితం కోసం చెయ్యి చాపింది. "ఇయ్యండి. నేను ఒప్పుకోనని రాస్తా. ఎందుకు ఒప్పుకోనో కూడా రాస్తా. బిళ్ళలు మార్చిందెవురో చెప్పండి, అది కూడా రాస్తా."

అప్పుడు రంగనాథ్ మళ్ళీ నవ్వాడు. అబ్బ, ఆ నవ్వు చూస్తే మీకూ చెంప పగలగొట్టాలనిపించేది. ఫైలు అడుగు నుంచి ఒక రిజిస్టరు తీశాడు. పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించాడు.

"తప్పకుండా రాయండి మేడమ్. జూన్ తొమ్మిదో తేదీ. కొత్త ట్యాగులు వేసిన వాళ్ళ సంతకం ఇక్కడుంది. మీరే చదవండి, అందరికీ వినపడేట్టు."

మహాదేవి చదవలేదు. చదవనక్కర్లేదు. ఆ అక్షరాలు కాపీ పుస్తకంలో దిద్దించింది తానే. 'సు' కొమ్ము పొడుగ్గా లాగడం మానిపించడానికి ఎన్నిసార్లు వేళ్ళ మీద బెత్తంతో తాకించిందో!

తడిక అవతల సుజన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఈ సంతకం నీదేనా పాపా?"

"నాదే అత్తా."

"నీ అంతట నువ్వే ఏసినావా?"

సుజన రంగనాథ్ వైపు చూసింది. జవాబు ఆయనే చెప్పాడు. "రికార్డులో ఉన్నది ఒక్క సంతకమే మేడమ్. మీరు ఇప్పుడు రాసేది ఆ అమ్మాయి పేరే. అభ్యంతరం నమోదైందంటే విచారణ ఉంటుంది. విచారణంటే డిగ్రీ ఆగడం ఒక్కటే కాదు, విశ్వవిద్యాలయం నుంచే పంపించేస్తారు. ఇంకెక్కడా చేర్చుకోరు. అదో, లేదంటే ఇవాళ్టికి అందరం టీ తాగి, మామూలుగా సంతకాలు పెట్టి ఇంటికి పోవడమో. మీ ఇష్టం." అభ్యంతరాల పత్రమున్న ఫైలు, కలం రెండూ ఆమె చేతిలో తానే పెట్టాడు.

దొడ్డిలో గొర్రెలు నెమరు వేస్తున్న చప్పుడు వినపడుతోంది. మహాదేవి పక్కనున్న దాణా డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. ఒళ్ళో కాగితం. ఎవరి కోసం తన సంగతే మర్చిపోయి ఇన్నేళ్ళు బతికిందో ఆ పిల్ల పేరు, తన చేత్తో, నేరం చేసిన వాళ్ళ గడిలో రాయాలి. రాయకపోతే కాగితంలో ఉన్నట్టు సోమవారం పొద్దున సుక్కి కుడి డొక్క కోస్తారు. మిగతా పదకొండూ వరసగా బల్ల ఎక్కుతాయి. తర్వాత ఇంకో బ్యాచి, ఇంకో నంబరు.

'నేను ఈ ప్రయోగానికి సమ్మతించను' అని రాసింది. లెక్కల టీచరు కదా, కారణాలు ఒకటి, రెండు, మూడు అని వేసి రాసింది. ఏసేపు తొంగి చూస్తూ నిలబడ్డాడు. 'బాధ్యులు' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది. చుక్క సిరా కాగితంలోకి ఇంకింది. ఆమె కంట్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడి తుడుచుకోలేదు, అట్లాగే వదిలేసింది.

"ఆలస్యమవుతోంది మేడమ్," అన్నాడు రంగనాథ్.

తడిక గడియ తెరుచుకుంది. సుజన లోపలికి వచ్చింది. తెల్లకోటు విప్పి తడిక మీద వేసింది. అత్త ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, చిన్నప్పుడు లెక్కల పుస్తకం పట్టుకుని కూర్చున్నంత దగ్గరగా.

"రాయత్తా," అంది. "నా పేరు రాయి. బిళ్ళలు ఏసింది నేనే. పన్నెండిటికీ నేనే ఏసినా, ఏడ్చుకుంటా ఏసినా. సుక్కికి ఏసేటప్పుడు అది నా చెయ్యి నాకింది అత్తా. ఆ రోజు నుంచి నేను నిద్రపోలేదు. డిగ్రీ వద్దు, ఏమీ వద్దు. నువ్వు రాయకపోతే నేనే రాస్తా."

"సుజనా!" అని గద్దించాడు రంగనాథ్. "నువ్వేం మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసు సార్. ఇన్నాళ్ళూ మాట్లాడకపోవడమే తెలీక చేసినా." సుజన ఆయన వైపు తిరగను కూడా లేదు. "ముందర నా పేరు రాయత్తా. రాసి, దాని కింద మూడు గీతలు ఖాళీ ఇడ్సు. ఆ రోజు ఈ దొడ్లో నాతోపాటు ఇంకా ముగ్గురుండారు. ముగ్గురి పేర్లూ నేను చెప్తా."

మహాదేవి మేనకోడలి మొహంలోకి చూసింది. ఆ పిల్ల కళ్ళు ఇప్పుడు కిందికి వాలలేదు. కలం కదిలింది. 'సుజన' అని, తాను నేర్పిన అక్షరాలే, గుండ్రంగా రాసింది. దాని కింద రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసింది.

"చెప్పు పాపా," అంది.

కృపారాణి రెండు చేతులతో మొహం కప్పుకుంది. రంగనాథ్ ఉన్నచోటే బిగుసుకుపోయాడు. మూడో మనిషి, కొంచెం ముందు ఆ గాయం మచ్చ మీద వంగి చూసి సంతకం కొట్టేసుకుంటానన్న హనుమేష్, ఎవరికీ ఏమీ చెప్పకుండా దొడ్డి గేటు వైపు గబగబా నడవడం మొదలుపెట్టాడు.

ఏసేపు పోయి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.